కోసే చేతికే పూత

స్టేషన్ ఘన్‌పూర్ మాది. ఒక పక్క కాజీపేట–సికింద్రాబాద్ రైలు పట్టాలు, ఇంకో పక్క హైదరాబాద్–వరంగల్ రోడ్డు, చుట్టూ ఎర్ర చల్క నేలలు. 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా అయ్యేదాకా మేం వరంగల్ జిల్లా వాళ్లం. బతుకమ్మ పేర్చే తీరులో మాత్రం ఇప్పటికీ వరంగల్ వాళ్లమే. వాకిట్లో, పెరట్లో, బావి గట్టున పూలు పెంచుతూనే ఈ ఊళ్లో ముసలిదాన్నయ్యాను. నేను ఎక్కువగా పెంచింది గులాబీలు, మల్లెలు కాదు. వానకు మొలిచి, రెండు మూడు నెలల్లో పూసి, గింజ కట్టి పోయే పూలు: బంతి, సీతజడ, పట్టుకుచ్చు, జీనియా, కాస్మోస్, బొగడబంతి.

కొత్తగా ఇల్లు కట్టుకున్న పిల్లలు, కోడలు వరస వాళ్లు వచ్చి అడుగుతుంటారు. "పెద్దమ్మా, నర్సరీ కెల్లి పూలచెట్లు తెచ్చినం. పదిహేను రోజులు మంచిగున్నయి, ఇగ అయిపోయినయి. గట్లెందుకైతది?" ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అన్నీ ఒకచోట ఉంటే మంచిదని ఇప్పుడు రాస్తున్నాను.

1. ముందు పెత్రమాస ఎప్పుడో చూడండి, తర్వాతే విత్తనం

మా వైపు వాకిట్లో రంగులు నిండాల్సింది బతుకమ్మకు. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలి పూల బతుకమ్మ, అక్కడి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. ఆ అమావాస్య 2023లో అక్టోబర్ 14న వచ్చింది, 2024లో అక్టోబర్ 2న, 2025లో సెప్టెంబర్ 21న. ఏటా పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతూ పోయి, అధిక మాసం పడ్డ ఏడు మళ్లీ వెనక్కి పోతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి పెత్రమాస అక్టోబర్ 10న.

మన రైతులు విత్తనాన్ని కార్తెలతో లెక్క కడతారు. కార్తెలు సూర్యుడి లెక్క, అందుకే మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. మొక్కజొన్నకు, పత్తికి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే వాటికి కావలసింది వాన. పండుగ పువ్వుకు అది చాలదు. పండుగ చంద్రుడి లెక్కలో నడుస్తుంది. పోయినేడు ఏ కార్తెలో వేస్తే బాగా పూసిందో ఈ ఏడు కూడా అదే కార్తెలో వేస్తే పూత పండుగకు పది రోజులు వెనకో, ఇరవై రోజులు ముందో పడుతుంది.

అందుకని అమావాస్య నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ముద్దబంతికి నారుమడిలో ఇరవై అయిదు రోజులు, నాటాక మొదటి పూలకు యాభై రోజులు, మధ్యలో తల తుంచితే మరో పది. వాన ఆగినా, ఎక్కువైనా జరిగే ఆలస్యం కలుపుకుని తొంభై రోజులు పెట్టుకోండి. 2025లో అది జూన్ 23, అంటే ఆరుద్ర కార్తె. 2026లో జులై 10 నాటికి పోస్తే చాలు, అంటే పునర్వసు. సీతజడకు డెబ్భై నుంచి ఎనభై రోజులు. బొగడబంతికి డెబ్భై. జీనియాకు, నారింజ రంగు కాస్మోస్‌కు, ఎర్రటి మరకలుండే చిన్న బంతికి అరవై రోజులుంటే సరిపోతుంది. వీటిని 2026లో ఆగస్టు 10 దాకా వేసుకోవచ్చు.

విత్తనమంతా ఒక్కరోజే చల్లకండి. మూడు భాగాలు చేసి నాలుగైదు రోజుల తేడాతో వేస్తే ఎంగిలి పూల నాడు ఒక విడత, నానబియ్యం బతుకమ్మ నాటికి ఒక విడత, సద్దులకు ఒక విడత అందుతాయి. అమ్మకానికి వేసే రైతుకు ఇది మరీ అవసరం. దసరా వారంలో ఉన్న ధర దసరా మర్నాడు ఉండదు.

2. పగలు తగ్గుతుంటే మొగ్గ తొందరపడుతుంది

గునుగు, సీతజడ, బంతి, కాస్మోస్ పగటి పొడుగును పట్టి పూస్తాయి. మన దగ్గర జూన్‌లో పగలు పదమూడు గంటల పైన ఉంటుంది, డిసెంబర్‌లో పదకొండుకు దిగుతుంది. పగలు తగ్గేకొద్దీ ఈ మొక్కలు ఆకు పెంచడం తగ్గించి మొగ్గ తొడుగుతాయి. మన చేలల్లో గునుగు ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ తేదీ చెప్పకుండా సరిగ్గా బతుకమ్మ నెలలోనే తెల్లబడటానికి కారణం ఇదే.

దీని నుంచి తోటకు పనికొచ్చే సంగతి ఒకటుంది. జూన్‌లో వేసిన బంతి నడుం ఎత్తు పెరిగి కొమ్మలు వేసి పూస్తుంది. ఆగస్టులో వేసింది మోకాలెత్తు కూడా రాకముందే పూస్తుంది. రెండింటికీ ఒకే దూరం పెట్టవద్దు. ముందు వేసిన ముద్దబంతికి మొక్కకూ మొక్కకూ అడుగున్నర, ఆలస్యంగా వేసిన దానికి అడుగు చాలు.

చామంతి కూడా ఇదే గుణమున్న పువ్వు, ఇంకా పట్టుదల ఎక్కువ. రాత్రి వెలుతురు పడితే మొగ్గే వేయదు. పూత వాయిదా వేయడానికి కర్ణాటక వైపు చామంతి తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగిస్తారు. మీ ఇంటి చామంతి వీధి దీపం కింద ఉంటే దాన్ని పెరట్లోకి మార్చండి. అయినా పెత్రమాస సెప్టెంబర్‌లో వచ్చిన ఏడు చామంతి మీద ఆశ పెట్టుకోకండి, అది చలి మొదలయ్యాక పూసే పువ్వు.

3. పూసి ఉన్న మొక్కను కొనకండి

నర్సరీలో చిన్న కవర్‌లో నిండా పూసి ఉన్న మొక్క కంటికి బాగుంటుంది. కానీ దాని వేర్లు కవర్ అడుగున చుట్టుకుపోయి ఉంటాయి. ఉన్న ఆ గుప్పెడు మట్టిలోనే దాని బతుకు సగం నడిచిపోయింది. ఇంటికి తెచ్చి నాటాక కొత్త వేరు పోసే ఓపిక దానికి ఉండదు. మొగ్గ కూడా పడని, నాలుగైదు జతల ఆకులున్న నారు తెచ్చుకోండి. చవక కూడా. తెచ్చిన మొక్కకు అప్పటికే పువ్వుంటే నాటిన రోజే తుంచేయండి. పిల్లలు బాధపడతారు, అయినా తుంచండి.

4. చల్క నేల మంచిదే, నీళ్లు నిలవకూడదు

మన ఎర్ర చల్క పూలకు బాగా పనికొస్తుంది. నీరు తొందరగా ఇంకుతుంది, వేరుకు గాలి ఆడుతుంది. రేగడి ఉన్నవాళ్లు మాత్రం బోదెలు పోసి బోదె మీద నాటాలి. రెండు రోజులు మడిలో నీళ్లు నిలిస్తే బంతి మొదలు కుళ్లి ఒక్కసారిగా వాలిపోతుంది. తర్వాత ఏం చేసినా లేవదు.

గోదావరి నీళ్లు దేవాదుల ఎత్తిపోతల మీదుగా మా ఘన్‌పూర్ రిజర్వాయర్‌కు వస్తాయి. నీళ్లకు కొదువ లేదని రోజూ పైపు పెట్టి తడిపేవాళ్లున్నారు. వేలు మట్టిలో పెట్టి చూడండి, రెండు కణుపుల లోతున తడి ఉంటే ఆ రోజు నీళ్లు వద్దు.

ఎరువు దగ్గర చెయ్యి బిగించండి. మాగిన పెంట ఎరువు దుక్కిలో ఒకసారి, నాటేటప్పుడు గుప్పెడు వేపపిండి, అంతే. పక్క మడిలో మిరపకు యూరియా వేస్తూ బంతికీ చల్లితే ఆకులు నల్లగా నిగనిగలాడతాయి, పూలు రావు.

డాబా మీద పెంచేవాళ్లు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు పెంట ఎరువు, ఒక పాలు ఇసుక కలుపుకోండి. పెయింట్ బకెట్ అయినా సిమెంట్ సంచి అయినా పరవాలేదు, అడుగున చిల్లులుండాలి. ఆరు గంటల ఎండ తగలాలి. ఎండ లేని చోట ఈ పూలు రావు, దానికి మందు లేదు.

5. నారు పోసేవి వేరు, ఉన్నచోటే విత్తేవి వేరు

బంతి, సీతజడ, బొగడబంతి నారు పోసి నాటుకోవచ్చు. జీనియా, కాస్మోస్, పొద్దుతిరుగుడు వేరు కదిలితే అలుగుతాయి. వాటిని పెరగాల్సిన చోటే అరంగుళం లోతున విత్తండి. జీనియా అయిదారు రోజుల్లో మొలుస్తుంది. సీతజడ గింజ నల్లగా, ఆవగింజలో సగం కూడా ఉండదు. పిడికెడు సన్న ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టి కప్పకుండా అరచేత్తో అదిమితే చాలు. మట్టి మందంగా కప్పితే అది పైకి రాలేదు.

నారుమడి మీద నేరుగా వాన పడితే నారుకుళ్లు వస్తుంది. ట్రైకోడెర్మా కలిపిన పెంట ఎరువు వాడండి, మడిని జానెడు ఎత్తు చేయండి, పలుచగా పోయండి. సాయంత్రం నాటండి, పొద్దున కాదు.

6. తల తుంచండి, ఒక్క పట్టుకుచ్చుకు తప్ప

బంతి నాటిన నెల రోజులకు నడి కొమ్మ చివర రెండు ఆకుల మేర గిల్లేయాలి. పూత వారం పది రోజులు వెనక్కి పోతుంది, కానీ ఒక్క కాండం బదులు ఎనిమిది పది కొమ్మలు వస్తాయి. పండుగ దగ్గర పడ్డాక ఇది చేయకండి. జీనియాకు జానెడు ఎత్తున, కాస్మోస్‌కు మోకాలెత్తున ఇదే పని.

కోడి జుట్టులా విచ్చుకునే పట్టుకుచ్చుకు మాత్రం నడినెత్తిన వచ్చే పువ్వే అసలు పువ్వు. అది తుంచితే పక్కన చిన్న చిన్న కుచ్చులు వస్తాయి గానీ బతుకమ్మ పైవరసకు పనికొచ్చే పెద్ద పువ్వు రాదు.

7. కోయండి, రోజూ కోయండి

ఇన్నేళ్లలో నేను తెలుసుకున్నదంతా ఒక్క పాఠంలో చెప్పమంటే ఇదే చెబుతాను. మిగతావన్నీ మర్చిపోయినా దీన్ని పట్టుకోండి.

ఏడాది మొక్క మన కోసం పూయదు. గింజ కోసం పూస్తుంది. ఒక్క వానకాలంలో పుట్టి, తన తర్వాతి తరానికి విత్తనం వదిలి పోవాలన్నదే దాని తొందర. పువ్వు వాడి, అడుగున గింజ కట్టడం మొదలుకాగానే మొక్క తన బలమంతా అటు మళ్లిస్తుంది. కొత్త మొగ్గలు ఆగిపోతాయి, కింది ఆకులు పసుపెక్కుతాయి. అంతటితో దాని పని అయిపోయింది. గింజ కట్టకముందే పువ్వును కోసేస్తే పని పూర్తి కాలేదు కాబట్టి పక్క కణుపుల నుంచి మళ్లీ మొగ్గ తోస్తుంది. మళ్లీ కోస్తే మళ్లీ పూస్తుంది. బంతిని ఇలా కోస్తూ పోతే రెండు నెలలు, పోషణ బాగుంటే ఇంకా ఎక్కువ కాలం పువ్విస్తుంది. కోయకుండా చూసి మురిసేవాళ్ల బంతి మూడు వారాలకే మాడిపోతుంది.

"చెట్టు మీదుంటేనే అందం, కోస్తే పాపం" అనే పిల్లలను చూస్తుంటాను. వాళ్ల మనసు మంచిదే. అయితే ఈ పూలకు ఆ మాట వర్తించదు. మన పండుగ ఈ సంగతి ఎరిగి నడుస్తుంది. పెత్రమాస నుంచి రోజూ కోసుకురావాలి, రోజూ పేర్చాలి, రోజూ చెరువులో వదలాలి. తొమ్మిది రోజులు ఊరంతా కోస్తే తోట ఖాళీ కావాలి కదా? కాదు, సద్దుల నాటికే బంతి విరగబూస్తుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చం. ఆ ఒక్కరోజు మొక్కలకూ సెలవు ఇచ్చి, సాయంత్రం నీళ్లు పట్టి, ఏడో రోజు పొద్దున కోయండి. తేడా మీకే తెలుస్తుంది.

కోసే తీరు కూడా ఉంది. గోరుతో పువ్వు తల ఒక్కటే గిల్లకండి. పువ్వు కింద రెండో జత ఆకుల పైన కత్తిరించండి, ఆ కణుపు నుంచే కొత్త కొమ్మ వస్తుంది. ముందు రోజు సాయంత్రం నీళ్లు పెట్టి, పొద్దున మంచు ఆరాక కోయాలి. తడి పూలు గంపలో వేస్తే వేడెక్కి కుళ్లుతాయి. బంతిని తడి గుడ్డ కప్పిన బుట్టలో నీడన పెడితే రెండు రోజులు నిలుస్తుంది. గునుగు, సీతజడ, బొగడబంతి ఎండినా రంగు పోని పూలు, వాటిని ముందే కోసి కట్టలు కట్టి తలకిందులుగా వేలాడదీసుకోవచ్చు.

8. బంతిని పక్క పంటకు కాపలా పెట్టండి

పూల మడి వేరే, కూరగాయల మడి వేరే అనుకోవద్దు. టమాట పదహారు సాళ్లకు ఒక సాలు బంతి పెట్టమని బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పుడో చెప్పారు. కాయతొలిచే పురుగు తల్లి రెక్కల పురుగు టమాటను వదిలి బంతి పూల మీద గుడ్లు పెడుతుంది. కాకపోతే టమాట పూసేటప్పటికి బంతి పూసి ఉండాలి, అందుకని నలభై రోజుల బంతి నారుతో పాటు ఇరవై అయిదు రోజుల టమాట నారు నాటాలి. పత్తి చేను చుట్టూ బంతి వేసే మన రైతుల లెక్క కూడా ఇదే. బంతి వేర్లలోంచి వచ్చే పదార్థం నేలలోని నులిపురుగులను అణుస్తుంది కాబట్టి బంతి తీసిన మడిలో వంకాయ, టమాట బాగా వస్తాయి.

బంతికి వచ్చే బాధలు రెండు మూడే. ఎండ ముదిరితే ఎర్రనల్లి, మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక. లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకుల అడుగున పిచికారీ చేయండి. జీనియా ఆకుల మీద బూడిద తెగులు వస్తే ఆ ఆకులు గిల్లేసి, మొక్కల మధ్య దూరం పెంచి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. ఘాటు మందుల జోలికి పోకండి. ఈ పూలను ఆడపిల్లలు ఒళ్లో పోసుకుని కూర్చుంటారు, చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు, చివరికి అవి చేరేది చేపలున్న చెరువులోకి.

9. గునుగును కూడా విత్తండి

గునుగును విత్తమంటే మా ఊరి పెద్దలు నన్ను వింతగా చూస్తారు. చేలో కలుపు అని పీకి పారేసిన దాన్ని ఎవరైనా విత్తుతారా అని. కానీ గడ్డి మందు కొట్టిన చేలో గునుగు మొలవదు. గట్లు చదును చేసి ఇళ్ల స్థలాలు చేసిన చోట తంగేడు ఉండదు. మా చిన్నప్పుడు పొద్దున్నే గంప పట్టుకుని చేల వెంట పోతే నింపుకొచ్చిన పూలను ఇప్పుడు బజారులో కట్టల లెక్కన కొంటున్నాం. తంగేడు రాష్ట్ర పుష్పమైంది, 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. ఆ గౌరవానికి తగ్గట్టు పువ్వు కూడా ఉండాలి కదా.

కొన్ని కంకులు కోయకుండా వదిలితే గునుగు తనే గింజ రాలుస్తుంది. ఆ గింజ తెచ్చి జులైలో పెరటి మూలన, గోడ పక్కన, ఎరువు లేని చోట చల్లండి. మొలవడం ఒక్కటే మీరు చూడాలి, మిగతాది అది చూసుకుంటుంది. తంగేడు ఏడాది మొక్క కాదు, పొద. ఒక్కసారి గట్టున నాటితే ఏళ్ల తరబడి ఉంటుంది.

గునుగు కొసలకు రంగులద్దడం మా అమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఇప్పుడు ముదురు రసాయన రంగులు వాడుతున్నారు, అవి చెరువులోకి పోతాయి. తోటలో రంగులుంటే ఆ రంగుల అవసరమే రాదు. తెలుపుకు గునుగు, ముదురు ఎరుపుకు పట్టుకుచ్చు, ఊదాకు బొగడబంతి, గులాబీ రంగుకు జీనియా, నారింజకు కాస్మోస్, పసుపుకు బంతి, తంగేడు. వరసకో రంగు వస్తుంది.

జీనియా, కాస్మోస్ మన పూలు కావని ఒకామె పేచీ పెట్టింది. నిజమే, అవి మెక్సికో నుంచి వచ్చాయి. అయితే బంతి పుట్టిల్లు కూడా మెక్సికోనే, పోర్చుగీసు వాళ్ల ఓడలు వచ్చాక మన దేశం చేరింది. అక్కడ ఏటా నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలను తలచుకుంటూ సమాధులను, ఇళ్లను బంతిపూలతో నింపుతారు. మనం పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే బంతిపూలతో మొదటి బతుకమ్మ పేరుస్తాం. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు దేశాల వాళ్లు ఒకే పువ్వును పెద్దల తలపుకు దగ్గర చేశారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బంతి మీద ప్రేమ పెరుగుతుంది. పేర్చే చేతులు మనవైనప్పుడు పువ్వు మనదే.

10. సద్దుల తర్వాత మడిని ఖాళీగా ఉంచకండి

అక్టోబర్‌లో విత్తిన చిన్న బంతి సంక్రాంతి గొబ్బెమ్మలకు అందుతుంది. పెటూనియా, ఫ్లాక్స్, ఆస్టర్, సాల్వియా మనకు చలికాలంలోనే వస్తాయి, వాటిని కూడా అక్టోబర్‌లోనే మొదలుపెట్టాలి. ఫిబ్రవరిలో బొగడబంతి, టేబుల్ రోజ్ పెడితే మన మే నెల ఎండకూ తట్టుకుంటాయి. రోహిణిలో మాత్రం దేన్నీ విత్తకండి.

11. విత్తనం ఏ మొక్క నుంచి తీయాలో పండుగకు ముందే తేల్చుకోండి

అందరూ చేసేదేమిటంటే, మంచి పూలన్నీ కోసుకుని చివరికి మిగిలిన పేలవమైన పూల నుంచి గింజ తీస్తారు. అలా నాలుగేళ్లు తీస్తే తోట చిన్నబోతుంది. మొట్టమొదట పూసిన, నిండుగా పూసిన, తెగులు రాని మొక్కలు రెండు మూడు ఎంచి వాటికి ఎర్రదారం కట్టండి. వాటి పూలు పండుగకైనా సరే కోయొద్దని ఇంట్లో పిల్లలకు ముందే చెప్పండి. కోయని మొక్కే గింజ ఇస్తుంది.

కొన్న హైబ్రిడ్ బంతి గింజ తీసి వేస్తే మరుసటి ఏడు ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. కొన్ని ఒంటి రెక్కవి, కొన్ని పొట్టివి. పెరటికి అది పెద్ద లోటు కాదు, అమ్మకానికి మాత్రం పనికిరాదు. నాటు బంతి, గునుగు, సీతజడ, బొగడబంతి గింజను నిశ్చింతగా దాచుకోవచ్చు. పువ్వు చెట్టు మీదే పూర్తిగా ఎండాక కోసి, నీడన వారం ఆరబెట్టి, ఎండు వేపాకుతో కలిపి గాజు సీసాలో పెట్టి, మూత మీద పువ్వు పేరు, ఏడు రాయండి. బంతి గింజకు మొలిచే శక్తి రెండేళ్లు దాటితే బాగా తగ్గుతుంది, అందుకని పాతది ఉంచుకోకుండా ఏటా కొత్తది తీయండి.

సీసాలో మీకు కావలసినంత ఉంచుకుని మిగతాది మృగశిర నాటికి చిన్న పొట్లాలు కట్టి వాడలో పంచండి. పొట్లం మీద ఆ ఏటి పెత్రమాస తేదీ, దాని పక్కనే విత్తాల్సిన తేదీ రాసి ఇవ్వండి.